నన్ను చూస్తే ఆగిపోయిన కంప్యూటరు

ఇప్పటి పిల్లలు కంప్యూటరు ఆగిపోతే విసుక్కుంటారు. మాకు భయం వేసేది. మా జిల్లా కార్యాలయం మొత్తానికి ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అది ఆగితే జవాబు చెప్పుకోవలసిన మనిషీ ఒక్కరే. ఆ ఒక్కరూ నేను.

తొంభైల నడుమ మాట. మహబూబ్‌నగర్‌లో, అంటే పాలమూరులో, ఉద్యోగం. శాఖ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. మర్యాద కోసం కాదు. వాళ్ళలో చాలామంది ఇంకా గట్టిగానే ఉన్నారు. సర్వీసులో ఉండగానే అందరితోనూ ఒక విడత కొట్లాడాను, రెండో విడతకు ఇప్పుడు ఓపిక లేదు. యాభై నిండకముందే నా ఇష్టం మీద నేను రిటైరయ్యాను. ఆ రోజు ఆఫీసులో రెండు రకాల మిఠాయిలు పంచారు. ఒక రకం నేను తెచ్చింది. రెండోది ఎవరు తెచ్చారో, ఏ సంతోషానికో ఎవరూ చెప్పలేదు.

మాది నల్లగొండ పక్కన పానగల్. డిగ్రీలో లెక్కలు చదివి, హైదరాబాదులో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసిన పాపానికి నన్ను తెచ్చి పాలమూరులో కంప్యూటరు గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదు. లోపల ఏసీ లేదు, అయినా చెప్పులు మాత్రం విడవాలి. దుమ్ము పడకుండా కిటికీలు మూసి ఆకుపచ్చ పరదాలు వేసి ఉంచేవాళ్ళం. ఏప్రిల్‌లో ఆ గదిలో పని చేసినవాళ్ళకు నరకం గురించి పురాణాల్లో చదవవలసిన పని లేదు.

మా పని ఊళ్ళలోని చేతిపంపులు. ఏ పంపు నీళ్ళు పోస్తోంది, ఏది ఎండింది, ఏది విరిగింది అని ఎండాకాలంలో వారం వారం హైదరాబాదుకు జాబితా పంపాలి. ఆ జాబితాను మండలాల వారీగా సర్దమని యంత్రానికి చెప్పి, నేను వెళ్ళి చాయ్ తాగి, ఇద్దరితో కొట్లాడి తిరిగి వచ్చినా అది ఇంకా సర్దుతూనే ఉండేది. కొత్త కంప్యూటరు కావాలని పై ఆఫీసుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాను. నా ఉత్తరాలు చదవలేకనో ఏమో, చివరికి కొత్తది ఇవ్వకుండా పాతదానిలోనే ప్రాసెసర్ మార్చుకొమ్మని ఆర్డరు పంపారు.

ప్రాసెసర్ అంటే యంత్రం మెదడు. అప్పట్లో అది నలుచదరపు బిస్కెట్టంత నల్లటి పలక, కింద వరుసలుగా సూదుల్లాంటి కాళ్ళు. వేగం పెరిగినకొద్దీ వేడెక్కుతుంది. అందుకని దాని నెత్తిన పళ్ళుపళ్ళుగా కోసిన అల్యూమినియం దిమ్మ పెట్టి, ఆ దిమ్మ మీద చిన్న ఫ్యాను బిగిస్తారు. పలక వేడిని దిమ్మ లాక్కుంటుంది, దిమ్మ వేడిని ఫ్యాను ఊదేస్తుంది. ఈ కథకు ఇంత సాంకేతిక జ్ఞానం చాలు.

ఇక మా స్టోర్‌కీపర్. అందరం ఆయన్ని స్టోర్ సాబ్ అనేవాళ్ళం. ముసల్మాను పెద్దమనిషి. నలగని తెల్ల చొక్కా, చొక్కా జేబులో కలానికి తోడు రెండు సన్నటి కుంచెలు. ఆయన తండ్రి కల్వకుర్తిలో దుకాణాలకు బోర్డులు రాసేవాడట. ఆ చెయ్యి కొడుక్కు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక వస్తువు ఉన్నట్టు లెక్క ఎప్పుడంటే, స్టాకు రిజిస్టరులో దానికి నంబరు పడి, ఆ నంబరు తెల్ల ఆయిల్ పెయింటుతో దాని ఒంటి మీదికి ఎక్కినప్పుడు. కుర్చీకి, బీరువాకు, మంచినీళ్ళ కుండ మూతకు, అన్నిటికీ నంబరే. మిగతా ఆఫీసుల్లో ఆ నంబర్లు కోడి గెలికినట్టుంటాయి. మా ఆఫీసులో చెత్తబుట్ట మీది నంబరు కూడా శుభలేఖలా ఉండేది.

ఆ ఏడాది మొదట్లో ఆడిట్ వాళ్ళు వచ్చి నా గదిలో కీబోర్డుకు, మౌసుకు నంబర్లు లేవని నా పేరు మీద అభ్యంతరం రాసి పోయారు. ఊరుకుంటానా? నేరుగా స్టోర్స్‌కు వెళ్ళాను.

"సాబ్, మౌసుకు నంబరేది? కీబోర్డుకేది?"

"గంత చిన్నదానికి యాడ రాయాలె మేడం? అరచేతిల మూస్తె కనవడదు."

"యాడ రాస్తరన్నది మీ హునర్, మీ చేతి నేర్పు. రాస్తరా రాయరా అన్నదే నేను అడుగుతున్న."

"రాస్త తియ్యుండ్రి. గంత గరమెందుకు?"

"గరం కాదు. రేపు ఇంకోటి వస్తది, అది చిన్నగున్నదంటరు. ఎల్లుండి ఇంకోటి. మాట మీద నడవదు సాబ్, రాసిస్త."

రాసిచ్చాను కూడా. "ఇకమీదట స్టాకు నంబరు రాయకుండా పంపిన ఏ వస్తువునూ, అది ఎంత చిన్నదైనా సరే, కంప్యూటరు గదిలోకి తీసుకోవడం జరగదు" అని సంతకం పెట్టి, కార్బన్ కాపీ నా దగ్గర ఉంచుకుని, అసలుది ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, మడత పెట్టకుండా ఫైల్లో గుచ్చారు.

"షుక్రియా మేడం. మంచిగ రాసిండ్రు" అన్నారు. వెక్కిరింపో మెచ్చుకోలో తేల్చుకోలేక, వెక్కిరింపే అనుకుని ఇంకో రెండు మాటలు అని వచ్చాను.

ఏప్రిల్‌లో ప్రాసెసర్ పార్సిల్లో వచ్చింది. నిబంధన ప్రకారం ముందు స్టోర్స్‌కు. అక్కడ నాలుగు రోజులు ఉండిపోయింది. రోజూ మనిషిని పంపితే "రేపు" అనేవారు. అయిదో రోజు నా గదికి చేరింది, పార్సిల్ విప్పకుండానే బల్ల మీద పెట్టాను. మర్నాడే హైదరాబాదు కంపెనీ నుంచి ఇంజనీరు తొలి బస్సుకు దిగాడు. కోస్తా వైపు మనిషి. టై కట్టుకుని వచ్చి, చెప్పులు విడవమంటే బూట్ల లేసులు విప్పడానికి పది నిమిషాలు తీసుకున్నాడు. పాత ప్రాసెసర్ తనతో తీసుకుపోతానన్నాడు. అది ప్రభుత్వ ఆస్తి, కదలడానికి వీల్లేదని నేను. కంపెనీ రూలండీ అని అతను. మా జిల్లాలో మీ కంపెనీ రూలు నడవదని నేను. అతను వంగి పలక కూర్చోబెట్టి, దిమ్మ పెట్టి, ఫ్యాను బిగించినంతసేపూ నేను అతని వీపు వెనక నిలబడి వాదిస్తూనే ఉన్నాను. అతను చేతుల వైపు చూశాడో లేదో గానీ, తల మాత్రం మాటిమాటికీ నా వైపు తిప్పాడు.

బిగించడం అయ్యాక ఫ్యాను కొక్కెం మీదుగా ఒక కాగితం బిళ్ళ అంటించి, దాని మీద నా సంతకం తీసుకున్నాడు.

"ఇది చింపారో, ఇక మాకు సంబంధం లేదండీ."

మీట నొక్కితే అక్షరాలు గలగలా వచ్చాయి. జాబితా సర్దమంటే నేను కుర్చీ లాక్కునేలోపు సర్దేసింది. ఇంజనీరు తొమ్మిదిన్నర బస్సుకు వెళ్ళిపోయాడు. మా జిల్లా అధికారి వచ్చి చూసి, "శభాష్" అని యంత్రాన్ని మెచ్చుకున్నారు.

పదకొండింటికి తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే, మొదట్లో మెమరీ లెక్కపెట్టుకుంటుంది కదా, ఆ లెక్క సగంలో ఆగింది. మూడోసారి తెర నల్లగా ఉండిపోయింది.

తర్వాత మూడు రోజులు నేను చేయని పని లేదు. మూత విప్పి, పుస్తకం ముందు పెట్టుకుని వోల్టేజి సరిచేసే జంపర్లు ఒక్కొక్కటీ చూశాను. మెమరీ పలకలు పీకి, వాటి అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. తీగలన్నీ ఊడదీసి బిగించాను. ఆ కాగితం బిళ్ళ కింద ఉన్న ఫ్యాను జోలికి మాత్రం పోలేదు. సంతకం నాది కదా. గదిలో కొత్తగా రంగు వేసిన తలుపు వాసన వస్తుంటే, పక్క ఆఫీసు కిటికీలకు రంగులు వేస్తున్నారనుకున్నాను. ఒక్కోసారి యంత్రం లేచేది, అయిదు నిమిషాలు నడిచేది, పడిపోయేది. అధికారి పూటకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి, చెప్పులు విడవడం ఎందుకని అక్కడి నుంచే తెర వైపు చూసి వెళ్ళేవారు.

నాలుగో రోజు ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"మేము పంపింది పరీక్ష చేసిందేనండీ. నేను బిగించినప్పుడు నడిచింది, మీరే సంతకం పెట్టారు" అన్నాడు. గొంతు తగ్గించి, "మీ స్టోర్స్‌లో నాలుగు రోజులు ఉందన్నారు కదండీ. అక్కడ మంచిది పోయి ఇంకోటి వచ్చిందేమో చూసుకోండి మరి" అన్నాడు.

నాకు అనుమానం పెట్టుకోవడానికి చాలా సమయం పట్టదు. బూత్ నుంచి ఆఫీసు గేటు దాకా నడిచేలోపు అది నమ్మకంగా మారింది. సరాసరి స్టోర్స్‌లోకి పోయాను.

"సాబ్, ఆ సామాను నాలుగు దినాలు మీ దగ్గరెందుకున్నది?"

"తయారు చేసి పంపాలె గద మేడం. టైం పట్టింది."

"ఏం తయారు? వంటనా? మంచిది ఎవరికిచ్చి, పాడైంది నాకు పంపిండ్రు?"

ఆయన చేతిలో ఉన్న రిజిస్టరు మూసేశారు. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. ఒక్క మాట మాట్లాడలేదు. జవాబు లేనివాడే మాట్లాడడని నేను అర్థం చేసుకున్నాను. నా లెక్క ప్రకారం మాట్లాడనివాళ్ళంతా నేరస్థులు.

ఆ మధ్యాహ్నమే రెండు పేజీల ఫిర్యాదు రాశాను. స్టోర్స్‌లో వస్తువు మారిందని నమ్మడానికి కారణాలున్నాయని, విచారణ జరపాలని. ఇన్‌వర్డు సెక్షన్‌లో దానికి నంబరు వేయించేదాకా అక్కడే నిలబడ్డాను. సాయంత్రానికి అధికారి దాని అంచున "విచారించండి" అని ఆకుపచ్చ సిరాతో రాశారని తెలిసి, ఇంటికి పోయి సుఖంగా నిద్రపోయాను.

మర్నాడు నా ఎదురు బల్ల సీనియర్, పదిమందీ వినేట్టు కాకుండా, వంగి అడిగాడు.

"మేడం, స్టోర్ సాబ్‌ది ముప్పై తారీఖు రిటైర్మెంటు. యాదికున్నదా?"

"ఉంటె?"

"ఎంక్వైరీ నడుస్తుండంగ రిటైరైతె పించను ఆగుతది. ఎంక్వైరీ ఎన్నేండ్లు నడుస్తదో మీకు తెల్వదా?"

"తప్పు చేయనోడికి భయమెందుకు?"

"తప్పు చేయనోడికే భయం మేడం. చేసినోడు తయారుగుంటడు."

మంచి జవాబే ఇచ్చాననుకుంటాను అతనికి. ఏమిచ్చానో గుర్తులేదు. కాని ఆ రోజు తారీఖు ఇరవై ఏడు అని మాత్రం గుర్తుంది. మధ్యాహ్నం స్టోర్స్ ముందు నుంచి పోతుంటే, సాబ్ తన గదిలోని వస్తువులన్నీ వరుసగా పెట్టి, ఎవరో వచ్చి లెక్క చూస్తారన్నట్టు కూర్చుని ఉన్నారు. ఎవరూ రాలేదు.

మా ఆఫీసు ఊడ్చే అవ్వ సంగతి ఇప్పుడు చెప్పాలి. గొర్లు కాసే ఇంటి మనిషి. పొద్దున్నే వచ్చి ఊడ్చేది. ఎనిమిదిన్నరకు నేను వచ్చేసరికి యంత్రం సిద్ధంగా ఉండాలని, ఊడ్వగానే మీట వేసి పెట్టమని ఆమెకు నేనే నేర్పాను. ఇరవై ఎనిమిదిన పొద్దున్న నేను నల్లటి తెర ముందు తల పట్టుకుని కూర్చుంటే, చీపురు ఆనించుకుని నిలబడింది.

"ఇంకా లేస్తలేదా బిడ్డా?"

"లేస్తె గిట్ల కూసుంటనా అవ్వా?"

"నేను మీటేస్తె మంచిగనే లేస్తది గద. అక్షరాలు గిరగిర వస్తయి. మీరొచ్చినంకనే బందైతది."

వరండాలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సాయంత్రానికి ఆ మాట టైపు సెక్షన్ నుంచి జీపు డ్రైవర్ దాకా పాకింది. మనుషులకే కాదు, యంత్రానికి కూడా నా నోరంటే భయమట. నన్ను చూడగానే ప్రాణం పోతోందట. అధికారి కూడా ఫైలు చాటున నవ్వారని తర్వాత తెలిసింది.

అవ్వ మాట అబద్ధమని నిరూపించకపోతే నాకు అన్నం సయించదు. ఇరవై తొమ్మిదిన పొద్దున్న ఆరున్నరకే ఆఫీసుకు వచ్చాను. అవ్వ ఊడ్చింది. మీట వేసింది. యంత్రం లేచింది. నేను ఎదురుగానే ఉన్నాను, నన్ను చూసి కూడా లేచింది. జాబితా తెరిచాను, సర్దాను, అచ్చు కూడా తీశాను. ఏడు దాటింది. ఎనిమిది దాటింది. గెలిచినట్టు అవ్వ వైపు చూశాను. ఎనిమిదిన్నరకు ఎండ పరదాల మీదికి ఎక్కింది. గది ఉడకడం మొదలైంది. తొమ్మిది కాకముందే తెర బిగుసుకుపోయింది.

"సూసినవా?" అంది అవ్వ.

అప్పుడు తట్టింది. చూడవలసింది నన్ను కాదు, ఎండను. మూత విప్పి దిమ్మ మీద వేలు పెట్టాను. వేడి ఎక్కువైతే దిమ్మ కాలాలి. కాలలేదు, చల్లగా ఉంది. అయితే వేడి కాదన్నమాట. మళ్ళీ మొదటికే వచ్చానని విసుగ్గా చెయ్యి వెనక్కి లాగుతుంటే, దిమ్మ కింద పలక అంచు వేలికి తగిలింది. చురుక్కుమని కాలింది. వేలు నోట్లో పెట్టుకున్నాను.

"ఏమైంది?" అంది అవ్వ.

"కింద కాలుతాంది అవ్వా. మీదున్న దిమ్మ సల్లగున్నది."

"గదేంది? పొయ్యి మండుతాంది, కుండ సల్లగున్నదంటె, కుండ పొయ్యి మీద కూసోలే బిడ్డా."

కంప్యూటరు కోర్సులో నాకు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. నా సంతకం ఉన్న కాగితం బిళ్ళను గోటితో చింపేశాను. ఫ్యాను కొక్కెం తీశాను. ఫ్యాను వచ్చింది, దిమ్మ రాలేదు. అంటుకుని ఉంది. స్కేలు అంచుతో మెల్లగా లేపితే చట్‌మని ఊడింది.

దిమ్మ అడుగున తెల్లటి అంకెలు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. వంగి ప్రాసెసర్ వైపు చూశాను. నల్లటి పలక నిండుగా, తెల్లటి ఆయిల్ పెయింటులో, స్టాకు రిజిస్టరు నంబరు, గీత, పేజీ నంబరు, గీత, సంవత్సరం. కింద సన్నగా అడ్డగీత, ఆ గీత చివర చిన్న వంపు. రంగు రెండు పూతలు. అంత చిన్న జాగాలో అంత అందమైన రాత నేను ఎక్కడా చూడలేదు. దిమ్మ పలకను తాకవలసింది పోయి ఆ ఉబ్బెత్తు అంకెల మీద నిలబడింది. మధ్యలో గాలి. వేడి పైకి పోయే దారి లేక పలక లోపల్లోపలే ఉడికింది. ఇన్ని రోజులుగా నేను పీల్చిన రంగు వాసన ఇదే.

మొదట సంతోషం పట్టలేకపోయాను. దొరికాడు అనుకున్నాను. ఆ సంతోషం ఎంతసేపు ఉందంటే, సొరుగు తెరిచి నా కార్బన్ కాపీ కాగితం తీసి చూసుకునేదాకా. "అది ఎంత చిన్నదైనా సరే."

పలకను చేతిరుమాలులో పెట్టుకుని స్టోర్స్ తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. సాబ్ వచ్చి, తాళం తీసి, నన్ను కూర్చోమనలేదు. రుమాలు విప్పి చూపించాను.

"నా నంబరే" అన్నారు.

సంగతంతా చెప్పాను. వింటూ వింటూ ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. ముఖం వాడిపోయింది.

"నా రాత వల్ల బందైందా?"

"మరి నేను అడిగిననాడు ఈ మాట చెప్పొద్దా సాబ్? రంగు ఎండనీకె నాలుగు దినాలు పట్టిందని ఒక్క మాటంటె అయిపోతుండె."

"మీరు రంగు సంగతి అడగలే మేడం. ఎవరికిచ్చినవని అడిగిండ్రు. గాదానికి నా దగ్గర జవాబు లేకుండె."

ఆయన ఫైలు తెరిచి నా ఉత్తరం చూపించారు. కోపంతో కాదు, రికార్డు కోసం చూపించినట్టు. తర్వాత లేచి, టర్పెంటైన్ సీసా, పాత బనీను గుడ్డ తెచ్చుకుని, నన్ను తుడవనివ్వకుండా తానే తుడిచారు. ఒక్కో అంకె తుడుస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూశాను. రంగు పోయాక కింద పలకలో చెక్కిన కంపెనీ నంబరు బయటపడింది. పార్సిల్‌తో వచ్చిన కాగితం తీసి పక్కన పెట్టాం. ఒక్క అక్షరం తేడా లేదు. కంపెనీ పంపిందే ఇది, మారింది కాదు.

"మరి దీని స్టాకు నంబరు ఇప్పుడు యాడ రాయాలె?" అన్నారు. ఆ పరిస్థితిలో కూడా.

"కంప్యూటరు డబ్బా మీద రాయుండ్రి సాబ్. లోపల ఒకటున్నదని."

పదిన్నరకు ప్రాసెసర్ బిగించాను. పన్నెండయింది. రెండయింది. పాలమూరు ఏప్రిల్ ఎండ చేయగలిగిందంతా చేసింది. యంత్రం ఆగలేదు. నేను దాని ముందే కూర్చుని ఉన్నా ఆగలేదు. అయిదింటికి మీట కట్టేస్తుంటే, తలుపు దగ్గర చేరినవాళ్ళలో ఎవరో "మేడమంటె భయం పోయింది దానికి" అన్నారు.

ఇక ఫిర్యాదు మిగిలింది. ఎదురు బల్ల సీనియర్ సలహా చెప్పాడు. "ఎండకు ఆగిందని రాసి పారేయుండ్రి మేడం. ఎండకు సర్వీసు రిజిస్టరు లేదు." మంచి సలహానే. కాని ఎండ అని రాస్తే యంత్రం సంగతి తేలుతుంది, సాబ్ మీద నేను వేసిన మచ్చ అక్కడే ఉంటుంది. రంగు అని మాత్రమే రాస్తే ప్రభుత్వ ఆస్తి పాడు చేశారని ఇంకో విచారణ. రంగు ఎందుకు వేశారో కూడా రాయాలి. అది రాయాలంటే నా ఉత్తరం నేనే జతచేయాలి.

ముప్పైన పొద్దున్నే రాసిన కాగితం పట్టుకుని అధికారి గదిలోకి వెళ్ళాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"ఫిర్యాదు మీరే ఇచ్చిండ్రు, ఇప్పుడు అది తప్పంటున్నరు."

"అవును సార్. వాపస్ ఇప్పియ్యుండ్రి."

"ఇన్‌వర్డు నంబరు పడ్డ కాగితం వాపస్ పోదమ్మా. కాగితానికి కాగితమే జవాబు. దీన్ని దాని మీద పెట్టి ఫైలు మూస్త. కాని విచారించకుండ తోటి ఉద్యోగి మీద దొంగతనం మోపినందుకు మీకు మెమో ఇయ్యాల్సి వస్తది. సర్వీసు రిజిస్టరుల రాయాల్సి వస్తది."

"రాయుండ్రి సార్."

ఆయన కలం ఆపి నా ముఖం చూశారు. "ఏంది, వాదించరా?"

"టైం లేదు సార్. సాబ్ మీద ఏ ఎంక్వైరీ లేదని సర్టిఫికెట్ మీద ఈ దినమే సంతకం కావాలె. మీరేమో పన్నెండింటికి క్యాంపు పోతున్నరు."

సంతకం చేశారు. సిరా ఆరకముందే ఆ కాగితం నేనే పట్టుకుపోయి పించను సెక్షన్‌లో ఇచ్చాను. నా మెమో తర్వాతి వారం వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఆ రెండు వరుసలు నేను రిటైరయ్యేదాకా ఉన్నాయి. పై అధికారి మారినప్పుడల్లా ఆ పేజీ దగ్గర ఆగి, "ఇదేంది?" అని అడిగేవారు. పిల్లలూ, మీలో ఎవరైనా ప్రాసెసర్ మారిస్తే దాని నెత్తి మీద ఏముందో ఒకసారి చూసుకోండి. బిగించేవాడితో వాదన ఉంటే అతను బిగించాక పెట్టుకోండి.

ఆ సాయంత్రం మీటింగు హాలులో సాబ్‌కు వీడ్కోలు సభ. అధికారి క్యాంపుకు పోవడం వల్ల సూపరింటెండెంటు అధ్యక్షులు. పూలదండ, శాలువా, ఉప్మా, అరటిపండు. కల్వకుర్తి నుంచి ఆయన భార్య, తమ్ముడు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆయన రాత గురించి, మర్యాద గురించి మాట్లాడారు. చివర్లో ఎవడో కొంటెవాడు వెనక నుంచి, "కంప్యూటర్ మేడం కూడా మాట్లాడాలె" అన్నాడు. హాలంతా సర్దుకుని కూర్చుంది. నేను మైకు పట్టుకుంటే ఎంతసేపో వాళ్ళకు తెలుసు.

లేచి నిలబడ్డాను. మైకు తీసుకోలేదు.

"సాబ్ సామాను మార్చిండని నేను రాసిచ్చిన. అది అబద్ధం. తప్పు నాది. అందరి ముందట రాసిచ్చిన గనుక అందరి ముందటనే చెప్తున్న" అని కూర్చున్నాను.

సూపరింటెండెంటు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు దగ్గరికి తెచ్చి ఆపేశాడు. సాబ్ భార్య నా వైపు తిరిగి చూసింది. సాబ్ శాలువా సర్దుకుని లేచారు. మైకు దగ్గరికి వచ్చి దాని మీద రెండుసార్లు తట్టారు.

"అయిపోయిందా మేడం? ఇంతేనా?" అన్నారు. "మీరు లేస్తున్నరంటె, కల్వకుర్తి ఆఖరి బస్సు తప్పుతదేమోనని మా తమ్మునికి సైగ చేసిన."

హాలు గొల్లుమంది. ముందు వరుసలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నా వైపే చూస్తూ నిలబడ్డారు, నేనేదో తిరిగి అంటానని. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది, చాలా మంచి జవాబు. నేను నోరు తెరవకుండా చప్పట్లు కొట్టాను.